గృహిణి అని రాశారు

(అమ్మ పోయి ఏడాదైన రోజున, యాదాద్రి భువనగిరి జిల్లాలోని మా ఊరి మార్కండేయ గుడి ఆవరణలో పెద్ద కూతురు మాట్లాడిన మాటల పాఠం)

అందరికీ నమస్కారం. పెద్దనాయినలకు, చిన్నాయినలకు, మేనత్తలకు, వదినెలకు, రాత్రంతా బండ్లల్లో కూర్చుని భీవండి నుంచీ సూరత్ నుంచీ వచ్చిన మావాళ్లకూ పేరుపేరునా దండాలు.

నాకు మైకు ఇవ్వాలంటే మా తమ్ముడికి భయం. 30 ఏళ్ల పైన బోర్డు ముందు నిలబడి లెక్కలు చెప్పినదాన్ని, గంట కొడితే తప్ప ఆపడం అలవాటు లేదు. వంటల దగ్గర నుంచి ఎవరైనా చెయ్యి ఊపండి, ఆపేస్తాను.

నా వెనకాల ఫ్లెక్సీ చూడండి. ఫోటో బాగా వచ్చింది. చెల్లె కూతురి పెళ్లి ఆల్బంలోంచి తీశారు. ఎడమ పక్కన సగం కనబడుతున్న చెయ్యి మా మేనత్తది, ఆమె కూడా ఇక్కడే ఉంది. (నవ్వులు) ఫోటో కింద అమ్మ పేరు, పేరు కింద 'గృహిణి' అని ఉంది. ఎవరు రాయించారని అడిగాను. ఎవరూ రాయించలేదట. ఫ్లెక్సీ కొట్టే పిల్లగాడి దగ్గర రెండే రకాలు ఉన్నాయి. మగవాళ్లయితే ఏం పని చేసేవారని అడుగుతాడు. ఆడవాళ్లయితే అడగడు, వేసేస్తాడు. వాడి తప్పు కాదు. మా ఇంట్లో కూడా ఎవరూ ఆపి, ఇది కాదు అనలేదు. పొద్దున్నుంచి ఆ మాట నా వీపు మీద గుచ్చుకుంటోంది. అందుకే రాసుకొచ్చిన కాగితం పక్కన పెట్టి వేరేది మాట్లాడుతున్నాను.

పుట్టిన తేదీ 1950 జనవరి 1 అని ఉంది. ఆధార్ పుణ్యమా అని ఈ ఊళ్లో డెబ్బై దాటిన వాళ్లలో సగం మంది జనవరి 1నే పుట్టారు. అమ్మ లెక్క వేరు. "పోలీసు యాక్షన్ నాటికి నేను పాలు తాగే పిల్లను" అనేది. అంటే 1948 సెప్టెంబర్ కంటే ముందే. రజాకార్లు వస్తున్నారని తెలిసి వాళ్లమ్మ ఈమెను చంకనేసుకుని జొన్నచేన్లో కూర్చుందట, ఏడవకుండా నోట్లో బెల్లంముక్క పెట్టిందట. ఇంకొకటి కూడా చెప్పేది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లికి వచ్చినప్పుడు వాళ్ల నాయిన భుజాల మీదెక్కి చూసిందట. మూడేళ్లు కూడా నిండని పిల్లకు ఏం గుర్తుంటుంది చెప్పండి? వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి భూమి లేనివాళ్లకు 100 ఎకరాలు ఇస్తానన్న ముచ్చట ఈ చుట్టుపక్కల ఎన్ని వందలసార్లు చెప్పుకున్నారో, వినీ వినీ తను చూసినట్టే అయిపోయింది. నేను పట్టుబడితే "ఆడ నువ్వున్నవా, నేనున్ననా?" అనేది. ఇక నేనేం మాట్లాడతాను.

1963లో పెళ్లయి ఈ ఊరికొచ్చింది. పదిహేనేళ్ల పిల్ల. వచ్చిన మూడోనాడే మా నానమ్మ ఆమెను ఆసు ముందు కూర్చోబెట్టింది.

ముందు వరుసలో ఉన్న మనవళ్లు, మనవరాళ్ల కోసం ఇది కొంచెం చెప్పాలి. మీకు ఇంట్లో ఆసు మిషన్ తెలుసు, చేత్తో పోసే అసలు ఆసు తెలియదు. నేల మీద ఒక పక్క ఒక మేకు. దానికి ఎదురుగా విల్లులాగా వంగిన చెక్క, దాని మీద వరుసగా చిన్న చిన్న మేకులు. దారం ఈ మేకు దగ్గర మొదలుపెట్టి, ఆ మేకు చుట్టూ తిప్పి, మళ్లీ వెనక్కి తేవాలి. మళ్లీ పక్క మేకు. మళ్లీ వెనక్కి. ఒంటి చేత్తో, కింద కూర్చుని, నడుం కదలకుండా. ఒక్క చీరకు పేక దారం ఇట్లా సిద్ధం కావాలంటే చెయ్యి దాదాపు 9,000 సార్లు పోయి రావాలి. నాలుగైదు గంటల పని. ఆ తర్వాతే మిగతావన్నీ. ఆ దారాన్ని తీసి బిగించి, దాని మీద డిజైన్ గీసి, రంగు పట్టకూడని చోటల్లా సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు ముక్కలతో కట్టి, రంగులో ముంచి, విప్పి, మళ్లీ కట్టి ఇంకో రంగులో ముంచి, ఎండబెట్టి, కండెలు చుట్టి, అప్పుడు మగ్గం దగ్గరికి వస్తుంది. మన చీర మీద చిలుక గానీ ఏనుగు గానీ నేసేటప్పుడు పుట్టదు. దారంలోనే పుట్టి ఉంటుంది. మగ్గం మీద దాన్ని చెదిరిపోకుండా కలుపుతారు, అంతే. ఇది మా నాయిన వింటే నన్ను కొట్టేవాడు, అయినా నిజం.

నాయిన మంచివాడు. గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని చీకటి పడేదాకా నేసేవాడు, మమ్మల్ని చదివించాడు, తాగేవాడు కాదు. బయటి నుంచి ఎవరైనా వచ్చి ఎంతమంది పనిచేస్తారని అడిగితే మాత్రం "నేనొక్కన్నే, మా ఇంటామె సాయం చేస్తది" అనేవాడు. అమ్మ ఆసు మీద నుంచి తల ఎత్తకుండానే "అవునవును, అన్నం తినేటప్పుడు కూడ సాయం చేస్త" అనేది. నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని.

లెక్కలో ఉన్నప్పుడు అమ్మను పిలవకూడదు. ఇది మా ఇంట్లో మొదటి రూలు. ఎన్ని చుట్లు, ఏ మేకు దగ్గర ఉన్నాం, డిజైన్ ఎక్కడ తిరుగుతుంది, అంతా నోట్లో నడుస్తుండేది. పెదాలు మాత్రం కదిలేవి. ఒక్క చుట్టు ఎక్కువైనా తక్కువైనా చిలుక ముక్కు పక్కకు జరుగుతుంది. అడ్డం వెళ్లి "అమ్మా ఆకలి" అంటే ఎడమ చెయ్యి ఒక్క వేలు లేపేది, ఆగు అని. మొదట్లో పత్తి దారం, చేతికి తెలిసేది. 1970ల్లో మా వైపు పట్టు బాగా అందుకున్నాక దారం మరీ సన్నం, జారేది, వేళ్లు కోసేది. రాత్రిళ్లు ఎక్కబుడ్డి పక్కన పెట్టుకుని పోసేది. అక్షరం ముక్క రాదు. బస్సు బోర్డు చదవలేదు. నేను బీయస్సీలో లెక్కలు తీసుకుని ప్రస్తారాలు, సంయోగాలు చదివేటప్పుడు నాకు అర్థం కాని ఒక లెక్కను దారంతో చేసి చూపించింది. దానికి ఒక పేరుందని నేను చెబితే "పేరెందుకు, వస్తే సాలదా?" అంది.

ఇప్పుడొక సంగతి చెబుతాను, తమ్ముడికి నచ్చకపోవచ్చు. నాకు ఏడేళ్లప్పుడు బాయి గట్టు మీద నుంచి జారి మోకాలు చీరుకుపోయింది. రక్తం కారుతూ ఇంటికొచ్చాను. అమ్మ ఆసు మీద ఉంది. నన్ను చూసింది. రక్తం చూసింది. వేలు లేపింది. చెయ్యి ఆగలేదు. ఆ వరుస అయిపోయేదాకా నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. ఎంతసేపో తెలియదు, నాకైతే ఒక యుగం. వరుస అయ్యాక దారం ముడేసి, ఒక్క ఉరుకున లేచి పసుపు అద్ది, గుడ్డ కట్టి, నన్ను ఒళ్లో వేసుకుని ఏడ్చింది. అప్పుడు ఏడ్చింది, ముందు కాదు. ఆ మచ్చ ఇంకా ఉంది. పెద్దయ్యాక లెక్క వేశాను. ఆ వరుస మధ్యలో వదిలేస్తే ఆ దారం, ఆ పూట కూలి, సావుకారు దగ్గర మాట, అన్నీ పోతాయి. లెక్క సరిగ్గానే వచ్చింది. మనసుకు మాత్రం ఇప్పటికీ పూర్తిగా పట్టలేదు. అమ్మ ఉండగా ఒక్కసారైనా అడిగి ఉండాల్సింది. అడగలేదు.

నలభై దాటేసరికి కుడి భుజం పట్టేసింది. చెయ్యి భుజం కంటే పైకి లేచేది కాదు. తల దువ్వుకోలేదు, జాకెట్టు వేసుకోలేదు. సెలవులకు నేను వస్తే పొద్దున్నే దువ్వెన పట్టుకుని నా ముందు కూర్చునేది. పట్నంలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఏం పని చేస్తావని ఆయన అడిగితే "ఇంట్లనే ఉంట" అంది. ఆయన అదే రాశాడు. నేను పక్కనే ఉండి నోరు తెరవలేదు చూశారా, అంటే గృహిణి అని మొదట రాయించింది నేనే. విశ్రాంతి తీసుకోమన్నాడు. ఊరికొచ్చి ఎడమ చేత్తో నేర్చుకుంది. ఆరు నెలలు పట్టింది. మా వీధిలో ఆ వయసు ఆడవాళ్లందరికీ అదే భుజం, అదే నొప్పి. జండూబామ్ వాసన లేని ఇల్లు ఉండేది కాదు.

నిన్న రాత్రి నిద్ర పట్టక ఒక లెక్క వేశాను. మా ఇంటికి వారానికి రెండు చీరలు, కూలికి ఇంకొకటి, మొత్తం మూడు అనుకోండి. 27,000 సార్లు. ఏడాదికి 50 వారాలే వేశాను, పండుగలు, పురుళ్లు తీసేసి. 13 లక్షల 50 వేలు. పెళ్లయిన దగ్గర్నుంచి మిషన్ వచ్చేదాకా 40 ఏళ్లు. 5 కోట్ల 40 లక్షలు. ఒక్కోసారికి మీటరే అనుకున్నా 54,000 కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత 40,000. అంటే అమ్మ చెయ్యి మా ఇంట్లో నుంచే భూమిని ఒక చుట్టు తిరిగి, రెండో చుట్టులో మూడో వంతు దాటి ఆగింది. ఆమె మాత్రం యాదగిరిగుట్ట, వేములవాడ, ఒకసారి తిరుపతి. అంతే.

ఇక మిషన్ సంగతి. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం చేశారని మీ అందరికీ తెలుసు. ఆరో తరగతితో బడి మానేసిన మనిషి. ఏళ్ల తరబడి అప్పులు చేసి, తిట్లు తిని, 1999లో పూర్తి చేశారు. వాళ్లమ్మ పేరు పెట్టి లక్ష్మి ఆసు యంత్రం అన్నారు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. మా ఇంటికి 2004లో వచ్చింది. తమ్ముడు అప్పు చేసి తెచ్చాడు. అమ్మ దాని ముందు పీట వేసుకుని కూర్చుంది. మొదటి చీర దారం అయ్యేదాకా లేవలేదు. అయ్యాక వేళ్లతో తడిమి, మొత్తం లెక్కబెట్టింది. తప్పు దొరుకుతుందని ఆమె ఆశ అని నాకు తెలుసు. దొరకలేదు. "మంచిగనే చేసింది" అని లేచి బయటికి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం ఏం చేయాలో ఆమెకు తోచలేదు. పడుకోమన్నాం. మంచం మీద పడుకుని కళ్లు తెరుచుకుని ఉంది. పగలు నిద్రపోవడం నేర్చుకోవడానికి ఇంకో ఏడాది పట్టింది. భుజం నెమ్మదించింది, తన జుట్టు తనే దువ్వుకుంది. ఆ రోజు దువ్వెన నా చేతుల్లోంచి తీసుకున్నప్పుడు నాకు సంతోషం, ఇంకోపక్క చిన్న వెలితి. దేవుడు మేలు చేయాలి ఆ తల్లికి, ఆ కొడుక్కి.

కానీ ఇంకో సంగతి కూడా చెప్పాలి, చెప్పకపోతే అమ్మ ఒప్పుకోదు. కూలి ఆసు పోస్తే వచ్చే డబ్బులు ఆమెవి. కొంగున ముడి వేసుకునేది. నా పరీక్ష ఫీజు, చెల్లెకు పట్టీలు, బతుకమ్మకు మా అందరికీ గాజులు, ఆ ముడిలోంచే. మిషన్లు ఇంటింటికీ వచ్చాక కూలి ఆసు పోయింది, ముడి పోయింది. చాయ్ పొడికి కూడా తమ్ముణ్ని అడగాల్సి వచ్చేది. అడిగేది కాదు, చాయ్ మానేస్తున్నానని చెప్పేది. రోజుకు ఆరు చాయ్‌లు తాగే మనిషి! వారానికోసారి మానేసేది. (నవ్వులు) అప్పటికీ మాకు అర్థం కాలేదు. కోడలికి అర్థమైంది. నెల మొదట్లో కొన్ని పైసలు దేవుడి గూట్లో పెట్టి, ఎవరివో తెలియనట్టు ఉండేది. మా మరదలు అక్కడ నిలబడి తల దించుకుంది, నేను చెప్పొద్దని. చెప్పేశాను.

పింఛను గొడవ మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. నాయిన పోయాక చేనేత పింఛను కోసం ఒక ఆఫీసుకు వెళ్లాం. "మగ్గం మీద కూసుంటవా?" అని అడిగారు. "కూసోను, ఆసు పోస్త" అంది. అయితే నేతపని కిందికి రాదన్నారు. వితంతు పింఛను రాసుకోమన్నారు, డబ్బు అంతే వస్తుంది కదా అన్నారు. నిజమే, అంతే వచ్చింది. బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ అంది, "ఆయన పోయినందుకు పైసలిస్తరట, నేను పోసినందుకు ఇయ్యరట." ఆటోలో ఇంటిదాకా ఇంకో మాట లేదు.

దేవత అని చెప్పను. నోరు చాలా పదును. నచ్చని చుట్టం వస్తే పచ్చిపులుసులో ఉప్పు ఎక్కువ పడేది, ప్రతిసారీ పొరపాటే. సకినాలు ఎవరు చుట్టినా వంకర అనేది, మా అత్తగారు చుట్టినవి మరీ. కొడుకు పిల్లల్ని ఒకలా, కూతుళ్ల పిల్లల్ని ఒకలా చూసేది. ఇక్కడున్న మనవరాళ్లు తలలూపుతున్నారు, చూడండి. కానీ కరోనాలో, 2020లో, చీరలు అమ్ముడుపోక ఇళ్లల్లో మూటలు పడి ఉన్నప్పుడు, మా వీధిలో మగ్గం ఆగిన ఇంటికి పొద్దున్నే వెళ్లి గుమ్మంలో కూర్చుని వచ్చేది. ఏమీ మాట్లాడేది కాదు. "పని లేని ఇంట్ల మనిషి ఒక్కతే ఉండొద్దు" అని మాత్రం అనేది.

చివరి రోజుల గురించి పెద్దగా చెప్పను. పక్షవాతం, పదకొండు రోజులు. ఎవరినీ కష్టపెట్టలేదంటారు, అది అబద్ధం, మేమంతా కష్టపడ్డాం. మళ్లీ పడమన్నా పడతాం.

ఇదిగో, ఈ బల్ల మీద మడత పెట్టి ఉన్న చీర. ఎర్రంచు, నల్ల ఒళ్లు, తెల్ల చిలుకలు. ఇది 1985 ప్రాంతంలో మా ఇంట్లో నేసింది. ముప్పై ఏళ్లు పట్టు చీరలకు దారం పోసిన మనిషి ఇంట్లో కట్టుకునేది మూడొందల పాలిస్టర్ చీర, మీకు తెలుసు. ఈ ఒక్కటి ఎట్లా మిగిలిందంటే, సావుకారు తిప్పి పంపాడు. ఇందులో తప్పుందన్నాడు, కూలి కోశాడు. నాయిన వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తప్పు మగ్గం మీద జరిగిందో ఆసు మీద జరిగిందో ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ బయటపెట్టలేదు. అమ్మ దాన్ని పెట్టెలో దాచి, 1989లో నా పెళ్లికి కట్టుకుంది. అంత మంచి చీర ఆ పందిట్లో ఇంకొకటి లేదు. సావుకారు కూడా పెళ్లికొచ్చాడు. చూసి, ఎక్కడ కొన్నారని అడిగాడట. (నవ్వులు, చప్పట్లు)

తప్పెక్కడుందో చూపించమని ఎన్నోసార్లు అడిగాను. "నాకు తెల్సు, సాలు" అనేది. నేను లెక్కల టీచర్ని, చిలుకలన్నీ ఒక్కొక్కటిగా లెక్కబెట్టాను, ముక్కులు కొలిచాను. మొన్న మా అమ్మాయి ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేసి చూసింది. దొరకలేదు.

వంటల దగ్గర చెయ్యి ఊపుతున్నారు. చాలు. భోజనాలకు వెళ్లేముందు, చేతులు పొడిగా ఉన్నప్పుడే, ఒక్కొక్కరు వచ్చి చీర చూసి వెళ్లండి. ముఖ్యంగా ఆ వెనక కూర్చున్న అమ్మలు, మీరు ఆసు పోసినవాళ్లు, మీ కళ్లకు కనిపిస్తుందేమో. దొరికితే నాకు చెప్పకండి, మీలో మీరే ఉంచుకోండి. రేయ్ తమ్ముడూ, ఆ ఫ్లెక్సీ మీది మాటకు మాత్రం ఏదైనా కాగితం అంటించు.